ఇంట్లో మనిషి గొంతులో మొదట విన్న పాట – మీదేది?

నల్లకుంట వసారా | శనివారం, రాత్రి 9.40

ఇష్టమైన పాటల గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి నేను అడిగేది వేరు. సినిమా హాల్లో, రేడియోలో, టీవీలో కాదు. ఇంట్లో మనిషి గొంతులో మీరు మొదట విన్న పాట ఏది? ఎవరు పాడేవారు, ఏం చేస్తూ పాడేవారు?

నాది 'మనసున మల్లెల'. మల్లీశ్వరి 1951లో వచ్చిందని, మాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివని, బాణీ సాలూరి రాజేశ్వరరావు గారిదని, పాడింది భానుమతి గారని నాకు చాలా తర్వాత తెలిసింది. అంతకుముందు అది మా అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పాడే పాట, అంతే. చాప మీద కూర్చుని ఒళ్లో చేట పెట్టుకునేది. ఈనె లాగే చెయ్యి పాటతోపాటే నడిచేది. గొంతు పైకి వెళ్లే చోట చెయ్యి ఆగిపోయేది. సగం ఈనె తీసిన కాయని అలాగే పట్టుకుని ఉండి, ఆ సంగతి పూర్తయ్యాక తుంచి గిన్నెలో వేసేది.

పక్కింటి రేడియోలో అసలు పాట విన్నప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు. ఎవరో మా అమ్మ పాట పాడేస్తున్నారని ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తాను.

అమ్మకిప్పుడు 76. మోకాళ్ల నొప్పులొచ్చి చాప పోయి కుర్చీ వచ్చింది. శ్రుతి కాస్త దిగింది కానీ పాట ఉంది. అయితే ఒకటి, అమ్మ ఈ పాట చివరిదాకా పాడదు. గువ్వలూ, గాలులూ, వేణువూ దాటి కొంచెం ముందుకు వెళ్లి మళ్లీ పల్లవికి వచ్చేస్తుంది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

మీవి చెప్పండి. తొందరేం లేదు, తీరిగ్గా రాయండి.

5కె బస్సు | శనివారం, రాత్రి 10.25

అక్కా, మంచి ముచ్చట అడిగినవ్.

మా బాపు ఆర్టీసీల కండక్టర్. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం 5కె మీద చాన ఏండ్లు చేసిండు. సెకండ్ షిఫ్టు పడ్డదంటే ఇంటికొచ్చేసరికి పన్నెండు. కాళ్లు కడుక్కోని, పళ్లెం ముంగట కూసోని, అన్నం కలుపుకుంట సన్నగ 'నన్ను దోచుకొందువటే' ఎత్తుకునేటోడు. నేను నిద్రవోయినట్టు కండ్లు మూసుకోని ఇనేటోణ్ణి. దినమంత 'ముంగటికి జరుగుండ్రి' అని ఒర్రి ఒర్రి బొంగురువోయిన గొంతు అది. ఆ పాట కాడికి వచ్చేసరికి మెత్తగయ్యేది.

ఆ పాట సినారె సార్ది. గులేబకావళి కథ, 1962. సార్ సినిమాలకు రాసుడు ఆడికెల్లే షురూ అయింది. బాపుకు సార్ అంటే పానం. ఎందుకంటే ఇద్దరూ ఉర్దూ మీడియంల సదువుకున్నోళ్లే. సార్‌కు జ్ఞానపీఠం వచ్చిన ఏడు మా ఇంట్ల పండుగ జేసినట్టు బూరెలు వండిపిచ్చిండు.

పాటల ఘంటసాల గారి లైను అయినంక సుశీలమ్మ అందుకోవాలె గద. బాపు తన లైను పాడి, ఆగి, అమ్మ దిక్కు జూసేటోడు. అమ్మ ఒక్కనాడు గూడ అందుకోలే. 'పిల్లలు పన్నరు, తినుండ్రి' అనేది. అంతే.

బాపు పోయి ఆరేండ్లయింది. పోయిన సంక్రాంతికి అమ్మ సకినాలు చుట్టుకుంట, బట్ట మీద వేళ్లు తిప్పుకుంట, ఆ పాట ఎత్తుకున్నది. సుశీలమ్మ లైను గాదు. బాపు పాడే లైను. పాడి ఆగింది. ఎవలం ఏం మాట్లాడలే. మా చెల్లె లేచి నీళ్లు తాగొస్తనని లోపలికి పోయింది.

మెట్రో కిటికీ | శనివారం, రాత్రి 10.51

5కె అన్నా, మీది చదువుతూ తార్నాకలో దిగాల్సినదాన్ని హబ్సిగూడ దాకా వెళ్లిపోయాను. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఇంకోసారి చదివాను.

రాంకోఠి తంబూర | ఆదివారం, ఉదయం 6.15

అందరికీ నమస్కారం. నేను సంగీతం నేర్పి రిటైరైనవాణ్ణి. మీ జ్ఞాపకాల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను.

పాట కట్టిన వాళ్ల కష్టం మరిచిపోకండి. 'శివశంకరీ' తీసుకోండి. 1961, జగదేకవీరుని కథ. పింగళి వారి మాటలు, పెండ్యాల గారు దర్బారీ కానడ రాగంలో కట్టిన బాణీ. ఘంటసాల గారు ఒక్కో స్వరాన్ని ఊపి నిలిపే తీరు వినండి. గాంధారం దగ్గర ఆయన ఎంతసేపు ఉంటారో చూడండి. ఇంట్లో పనిపాటల మధ్య పాడుకునేటప్పుడు ఇవన్నీ రాలిపోతాయి. పిల్లలు అదే అసలు పాట అనుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. అమ్మగారి పాట వినిపించండి, వెంటనే అసలుదీ వినిపించండి. నా మనవి అంతే.

సద్దుల చందమామ | ఆదివారం, ఉదయం 9.02

తంబూర సార్‌కు దండాలు. ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. మా నానమ్మ పాటకు అసలు సింగర్ ఎవరు సార్?

మాది హన్మకొండ దిక్కు ఊరు. నేను కూకట్‌పల్లిల ఉంట. మా నానమ్మ బతుకమ్మ కాడ పాట చెప్పేది. ఆమె ఒక్క లైను అంటే ముప్పై నలభై మంది చప్పట్లు కొట్టుకుంట, అడుగేసుకుంట 'ఉయ్యాలో' అని అందుకునేటోళ్లు. పాట యాడ రాసి లేదు. ఏ యేటికాయేడు ఆమెనే కొత్త లైన్లు కలిపేది. ఆ యేడు వాన లేకపోతే వాన లేదని పాడేది, ఊర్ల బిడ్డకు లగ్గమైతే ఆ బిడ్డ పేరు పెట్టేది. మా పెద్దమేనత్త చిన్నప్పుడే జరమొచ్చి చచ్చిపోయిందట. నేనామెను జూడలే, ఫొటో గూడ లేదు. కని సద్దుల నాడు నానమ్మ పాటల ఆమె పేరు తప్పకుంట వచ్చేది. తంగేడు పువ్వు ఏరుతున్నదని ఒకయేడు, గునుగు పువ్వుకు రంగు అద్దుతున్నదని ఒకయేడు. ఆ పిల్ల మా నానమ్మ పాటల పెద్దగయింది సార్. నేను పదో తరగతికి వచ్చేసరికి పాటల ఆమెకు ఇద్దరు పిల్లలు.

మా అపార్ట్‌మెంట్ల బతుకమ్మ అంటే పెద్ద బాక్సులు పెట్టి రికార్డు పాటలు ఏస్తరు. నిరుడు కరెంటు పోయింది. అందరం బతుకమ్మల చుట్టు ఊకె నిలవడ్డం. పాట చెప్పేటోళ్లు లేరు. నాకేమయిందో, నానమ్మ ఎత్తుకునే తీరుగ 'ఒక్కేసి పువ్వేసి చందమామ' అన్న. వెనకకెల్లి అందుకున్నరు. ఇగ ఆపలే. మేనత్త పేరు గూడ పెట్టిన. కరెంటు వచ్చినంక గూడ ఎవ్వలు బాక్సు ఆన్ చేయలే.

మెట్రో కిటికీ | ఆదివారం, ఉదయం 9.20

పాటలో పెరిగిన పిల్ల! చందమామా, ఆ పేరు నువ్వు కూడా వదలకు.

శాలిబండ గాలిపటం | ఆదివారం, ఉదయం 11.37

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు నాకు పక్కింటి నుంచి, బడి నుంచి వచ్చింది. తప్పులుంటే చెప్పండి.

అమ్మీ ఇంట్లోనే బట్టలు కుట్టేది. పండగల ముందు ఆర్డర్లు ఎక్కువుంటే నన్ను పక్కింట్లో వదిలేది. పక్కింటి పిన్ని తన బాబునీ నన్నూ ఒకే చీర ఉయ్యాలలో అటు తలా ఇటు తలా పడుకోబెట్టి 'జో అచ్యుతానంద' పాడేదట. 'అట' ఎందుకన్నానంటే ఆ వయసు నాకు గుర్తు లేదు. గుర్తున్నది తర్వాతది. కాస్త పెద్దయ్యాక కూడా ఆ పాట లేకపోతే నేను నిద్రపోయేవాణ్ణి కాదని అమ్మీ కూడా పిన్ని దగ్గర నేర్చుకుంది. మిషన్ తొక్కుతూ పాడేది. మిషన్ ఆగితే పాట ఆగేది, మళ్లీ తొక్కితే ఆగిన చోటి నుంచే మొదలయ్యేది.

ఎనిమిదో తరగతిలో తెలుగు సార్ అన్నమయ్య గురించి చెప్తూ, తిరుమలలో ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు దొరికాయని చెప్తూ, ఈ జోలపాట పేరెత్తారు. నేను లేచి 'అది మా పిన్ని పాట సార్' అన్నాను. సార్ నవ్వలేదు. 'అవును, మీ పిన్నిదే. ఐదువందల ఏళ్ల కింద అన్నమయ్యది, ఇప్పుడు మీ పిన్నిది' అన్నారు. ఆ సార్‌ని నేను మరిచిపోను.

ఇప్పుడు నాకు కూతురు. రెండేళ్లు. రాత్రి ఏ పాట పాడుతున్నానో చెప్పక్కర్లేదు కదా.

అమీర్‌పేట ట్యాంకు | ఆదివారం, మధ్యాహ్నం 1.10

ఇల్లు కాదు హాస్టల్. చెప్పొచ్చా?

నల్లకుంట వసారా | ఆదివారం, మధ్యాహ్నం 1.14

తప్పకుండా. పక్కన పడుకున్నవాడు ఇంట్లో మనిషి కాకపోతే ఇంకెవరు?

అమీర్‌పేట ట్యాంకు | ఆదివారం, మధ్యాహ్నం 1.48

కోచింగ్ కోసం ఒంగోలు నుంచి వచ్చా. ఆరుగురం ఒకే గదిలో. ఎండాకాలం రాత్రిళ్లు ఉక్క భరించలేక మేడెక్కి నీళ్ల ట్యాంకు పక్కన పడుకునేవాళ్లం. నిజామాబాద్ వాడొకడు రోజూ 'జగమంత కుటుంబం నాది' పాడేవాడు. చక్రం 2005లో వచ్చింది, అందులో పాడింది శ్రీ గారు. నేను సినిమా చూళ్లేదు. వాడు పాడగా విన్నదే. రెండోసారి ఉద్యోగం తప్పిపోయిన రాత్రి కూడా వాడు ఆ పాటే పాడాడు. ఎప్పటికంటే నెమ్మదిగా పాడాడు. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. నంబర్లు మారిపోయాయి.

2021 నవంబర్ 30న ఆ పాట రాసిన సిరివెన్నెల గారు పోయారు. ఆ రాత్రి పదకొండింటికి తెలియని నంబర్ నుంచి ఫోన్. 'రేయ్, ట్యాంకు కాడికి రా' అన్నాడు. పన్నెండేళ్ల తర్వాత వాడి గొంతు. వాడే. ఎక్కడెక్కడో అడిగి నా నంబర్ పట్టుకున్నాడట. ఆ రాత్రి ఫోన్లో ఇద్దరం పాడుకున్నాం.

బొల్లారం నాన్న | ఆదివారం, సాయంత్రం 4.30

అందరూ విన్నవాళ్లే రాస్తున్నారు. నేను పాడినవాణ్ణి. మా అమ్మాయి చిన్నప్పుడు రేడియోలో విని నేర్చుకుని 'అమ్మ దొంగా' పాడేవాణ్ణి. పాలగుమ్మి విశ్వనాథం గారు రాసి బాణీ కట్టిన లలితగీతం, వేదవతీ ప్రభాకర్ గారు పాడింది. సినిమా పాట కాదు కాబట్టి ఈ తరానికి పెద్దగా తెలియదు. వెతుక్కుని వినండి, ఆడపిల్లల్ని పెంచుతున్నవాళ్లు మరీనూ.

అమ్మాయి ఇప్పుడు దూరదేశంలో ఉంది. పురిటికి వాళ్లమ్మ వెళ్లింది, నాకు వీసా రాలేదు. నొప్పులు మొదలయ్యాక ఫోన్ చేసి 'నాన్నా, ఆ పాట' అంది. పాడాను. మధ్యలో గొంతు పూడుకుపోతే ఆగాను. 'ఊఁ, తర్వాత' అంది, చిన్నప్పుడు అన్నట్టే.

రాంకోఠి తంబూర | ఆదివారం, రాత్రి 8.05

చందమామ గారూ, మీ ప్రశ్న పొద్దుట్నుంచి నన్ను వదల్లేదు. మీరు అడిగింది సబబే. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను.

మా తాతగారు రామదాసు కీర్తనలు పాడేవారు. సంగీతం నేర్చుకున్నవారు కారు, ఊళ్లో భజన వరసలే. నాకు తొమ్మిదేళ్లప్పుడు గోల్కొండ కోటకు తీసుకెళ్లారు. రామదాసును బంధించారని చెప్పే ఆ చెరసాల గదిలో, గోడమీది రాముడి బొమ్మ ముందు నిలబడి, పైపంచె నడుముకు చుట్టుకుని 'పలుకే బంగారమాయెనా' పాడారు. చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా ఆగిపోయారు. నేను సంగీతంలోకి రావడానికి కారణం ఆ అయిదు నిమిషాలే.

తర్వాత రాంకోఠిలో త్యాగరాజ సంగీత కళాశాలలో చేరాను. బాలమురళీకృష్ణ గారు ఆనందభైరవి రాగంలో పాడిన ఆ కీర్తన విన్నాను, నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతగారు అదే కీర్తన ఎత్తుకున్నారు. నేను ఆపి, 'తాతగారూ, అది అలా కాదు. ఆనందభైరవిలో ఇలా పాడాలి' అని పాడి చూపించాను. ఆయన ఎంతో సంతోషించారు. 'బాగుందిరా' అన్నారు. ఆ తర్వాత నా ఎదుట ఎప్పుడూ పాడలేదు.

ఇప్పుడు నాకు 68. ఆయన వరస గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. గది గుర్తుంది, పైపంచె అంచు గుర్తుంది, రాముడి బొమ్మ గుర్తుంది. వరస రావడం లేదు. ఎత్తుకోబోతే ఆనందభైరవి అడ్డొస్తుంది. ఆ వరస తెలిసినవాళ్లు ఇంక ఎవరూ లేరు.

పొద్దున నేను ఇచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. వసారా గారూ, అమ్మగారి పాట రికార్డు చేశారా?

నల్లకుంట వసారా | ఆదివారం, రాత్రి 8.40

లేదండీ. మీది చదివాక చెయ్యి వణికింది. రేపే చేస్తాను.

నాంపల్లి రేడియో | ఆదివారం, రాత్రి 9.25

నేను రికార్డింగ్ గదుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. వసారా గారికీ, ఇంట్లో పెద్దవాళ్లున్న అందరికీ నాలుగు మాటలు.

పాడమని అడగొద్దు. 'అమ్మా, రికార్డు చేస్తున్నా, పాడు' అంటే ఎంతటివాళ్లకైనా గొంతు బిగుసుకుంటుంది. పాట మాటలు రాసుకుంటానని అడగండి. ఒకచోట తప్పు చదవండి. సరిదిద్దడానికి వాళ్లే ఎత్తుకుంటారు. ఫోన్ ముందుగానే ఆన్ చేసి బోర్లా పెట్టి మరిచిపోండి. మైకు మూసుకుపోకుండా చూసుకోండి. గ్రానైట్ గట్టు మీదా, స్టీలు డబ్బా మీదా పెట్టకండి, మోగుతుంది. మడిచిన తువ్వాలు మీద, మనిషికి మూరెడు దూరంలో పెట్టండి. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి, మధ్యలో ఫోన్ వస్తే అంతా పోతుంది. ఫ్యాన్ ఆపండి. కుక్కర్ కూత, కాకి అరుపు, గిన్నెల చప్పుడు ఉండనివ్వండి. అవి కూడా ఆ పాటే. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో రికార్డు చేస్తే గొంతు పల్చబడుతుంది. ఫోన్లో ఉండే రికార్డర్ వాడి, ఆ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపుకోండి. కనీసం రెండు చోట్ల దాచండి. పాడింది ఎవరు, ఏ తేదీ, ఏ ఇల్లు అన్నది మొదట్లోనో చివర్లోనో మీ గొంతుతో చెప్పండి. మేం ప్రతి టేపుకీ అదే చేసేవాళ్లం.

నల్లకుంట వసారా | మంగళవారం, రాత్రి 10.10

నిన్న కుదరలేదు. ఫోన్ చూడగానే అమ్మ 'ఇప్పుడెందుకే' అని లేచిపోయింది. ఈరోజు రేడియో గారు చెప్పినట్టే చేశాను. చిక్కుడుకాయలు తెచ్చాను, కాగితం కలం పట్టుకున్నాను, 'కొమ్మల' అన్న చోట వేరే మాట చదివాను. అమ్మ కాయ పక్కన పెట్టి 'అది కాదు' అని ఎత్తుకుంది. ఎప్పటిలాగే మధ్యదాకా వచ్చి పల్లవికి తిరిగింది. అప్పుడు అడిగాను, మిగతాది ఎందుకు పాడవు అని.

అమ్మ లేచి బీరువా కింది అరలోంచి ఒక నోటు పుస్తకం తీసింది. నేనెప్పుడూ చూడనిది. అట్ట లేదు, సిరా గోధుమరంగుకు తిరిగింది. అది మా పెద్దమ్మది. చిక్కడపల్లిలో అద్దెకున్నప్పుడు ఇంటివాళ్ల కిటికీ కింద కూర్చుని రేడియో సిలోన్ వింటూ పెద్దమ్మ పాటలు రాసుకునేదట. ఒక్కసారి విని మొత్తం రాయడం ఎవరి తరం? అందినంత రాసి, మిగిలిన చోట ఖాళీ వదిలి, ఆ పాట మళ్లీ ఎప్పుడొస్తుందా అని వారాల తరబడి కాచుకునేది. 'మనసున మల్లెల' సగం పైగా రాసింది. కింద మూడు నాలుగు గీతలు ఖాళీ. ఆ పాట మళ్లీ రాకముందే పెద్దమ్మకు పెళ్లయింది. తెనాలి వెళ్లిపోయింది. పుస్తకం అమ్మకు ఇచ్చి వెళ్లింది. అప్పటికి అమ్మకు పన్నెండేళ్లు.

'తర్వాత ఎన్నిసార్లో విన్నావుగా, నింపుకోవచ్చుగా' అన్నాను. 'అక్క రాయలేదుగా' అంది.

నాంపల్లి రేడియో | మంగళవారం, రాత్రి 10.22

రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వినిపించే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినపడగానే పెన్సిల్ వెతుక్కున్న ఇళ్లు ఎన్నో. మా అక్క పుస్తకంలోనూ ఇలాంటి ఖాళీలుండేవి. ఆ పుస్తకం మా ఇంట్లో ఎవరూ దాచలేదు.

రాంకోఠి తంబూర | మంగళవారం, రాత్రి 10.50

వసారా గారూ, ఆ ఖాళీ గీతల్లో ఉండాల్సిన పాదాలు ఏవో ఒకసారి చూడండి. ఇక ఒక్క గడియ కూడా నన్ను విడిచిపోవద్దని బతిమాలే చోటు అది.

సద్దుల చందమామ | మంగళవారం, రాత్రి 10.53

అయ్యో.

5కె బస్సు | మంగళవారం, రాత్రి 11.15

అక్కా, పెద్దమ్మ ఉన్నదా?

నల్లకుంట వసారా | బుధవారం, మధ్యాహ్నం 12.30

ఉంది. 82 ఏళ్లు. చెవి తక్కువ, గొంతు బాగానే ఉంది.

ఈరోజు పొద్దున ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. రెండో ఫోన్ తువ్వాలు మీద ఉంది. తంబూర గారు చెప్పింది అమ్మకు నేను చెప్పలేదు. అమ్మే పుస్తకం ఒళ్లో పెట్టుకుని, 'అక్కా, నువ్వు ఖాళీ వదిలిన పాట, చివర చెప్పు, రాసుకుంటా' అంది. పెద్దమ్మకు ముందు అర్థం కాలేదు. నాలుగుసార్లు చెప్పాల్సివచ్చింది. తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. లైన్ కట్టయిందనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టింది, సన్నగా, తెనాలిలో వాళ్ల దొడ్లో కోడి కూస్తుండగా.

అమ్మ అంత వేగంగా రాయలేదు ఇప్పుడు. కళ్లజోడు జారుతోంది, కలం ఆగుతోంది. రికార్డింగ్ రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు వచ్చింది. అందులో పాట తక్కువే. మిగతాదంతా మా అమ్మ గొంతు, 'ఆగక్కా, ఆగు. రాస్తున్నా' అంటూ.